ఇంటి నుంచి పని ఆఫర్ వచ్చిందా? ‘కన్సల్టెంట్’ అనే మాట ఉందేమో చూడండి

ఈ మధ్య మా చెల్లెలికి ఇంటి నుంచి చేసే పని ఒకటి వచ్చింది. నెలకు 40,000 అన్నారు, అందరం సంతోషించాం. మొదటి నెల ఖాతాలో పడింది 36,000. కాగితం తీసి చదివితే ‘జీతం’ అన్న మాటే లేదు, ‘ప్రొఫెషనల్ ఫీజు’ అని ఉంది. అంటే తను ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ (కన్సల్టెంట్ అన్నా ఇదే). తగ్గిన ఆ 10 శాతం టీడీఎస్, అంటే కంపెనీ ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను.

టీడీఎస్ గురించి టెన్షన్ వద్దు. కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే, రిటర్న్ వేసినప్పుడు మిగతాది వెనక్కి వస్తుంది. కాకపోతే జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం దీనికి పనికిరాదు, ఐటీఆర్-3 గానీ 4 గానీ వేయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు.

అసలు నష్టం వేరే చోట ఉంది. పీఎఫ్‌లో కంపెనీ వేసే 12 శాతం ఉండదు. గ్రాట్యుటీ, జీతంతో కూడిన సెలవు ఉండవు. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కరెంటు ఖర్చు చాలాసార్లు మనదే. అందుకే 40,000 జీతాన్నీ 40,000 ఫీజునూ ఒకటిగా చూడకండి. ఫీజు అయితే ఎక్కువే అడగండి, మొహమాటపడొద్దు.

ఇంకో మాట. కాంట్రాక్టర్ అని రాసుకుని, రోజూ తొమ్మిదింటికి లాగిన్, సెలవుకి అనుమతి, ప్రతి పనీ ఎలా చేయాలో ఆదేశాలు ఉంటే, కాగితం మీది పేరు ఒక్కటే చెల్లదు. పని చేసే తీరుపై అజమాయిషీ ఎవరిదన్నది ముఖ్యమని 1956లోనే ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి ఆదేశాలున్న మెయిళ్లు, మెసేజ్‌లు మాత్రం ఆధారంగా దాచుకోండి.