తొమ్మిదో ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి: ఇంటర్ హాస్టళ్లలో మానసిక ఆరోగ్య సర్వే చేసేవాళ్లకు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటర్ హాస్టళ్లలో పిల్లల మానసిక ఆరోగ్యం మీద సర్వే చేయాలనుకునే పీజీ విద్యార్థులు ముందుగా పట్టుకునేది పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ లక్షణాలను పట్టి చూసే ప్రశ్నావళి. ఉచితం, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, తెలుగు ప్రతి కూడా దొరుకుతుంది. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, అంతకు మించి వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం. ఇక్కడిదాకా తేలికే. తొమ్మిదో ప్రశ్న మాత్రం చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. ఒక అమ్మాయి అక్కడ టిక్ పెట్టి కాగితం మీ చేతికిచ్చాక ఏం చేస్తారో ముందే రాసి పెట్టుకోకపోతే సర్వే జోలికే వెళ్లొద్దు. అందుకే ఏర్పాట్లు ఆ చివరి నుంచి మొదలవ్వాలి.

సర్వే రోజు క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రీ డాక్టరో క్యాంపస్‌లోనే ఉండాలి. ‘ఫోన్‌లో ఉంటాం’ అంటే కుదరదు. కాగితాలు వసూలు కాగానే ఒకరు కూర్చుని తొమ్మిదో ప్రశ్న ఒక్కటే చూసుకుంటూ పోవాలి. 1 గానీ ఆపైన గానీ ఉన్న ప్రతి ఒక్కరితో మీరు గేటు దాటేలోపే మాట్లాడాలి. అయితే వాళ్లను మాత్రమే పేరు పెట్టి పిలిస్తే సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోతుంది. ‘ప్రశ్నలు ఎలా అర్థమయ్యాయో తెలుసుకోవడానికి కొందరితో విడిగా మాట్లాడతాం’ అని ముందే ప్రకటించి, సున్నా పెట్టినవాళ్లనూ అంతే సంఖ్యలో పిలవండి, వాళ్లను నిజంగానే ఆ మాట అడగండి.

ఇలా పిలవాలంటే కాగితం మీద కోడ్ నంబరు, మీ దగ్గర ఆ నంబరుకు పేరు కలిపే జాబితా ఉండాలి. కాబట్టి ‘మీరెవరో మాకు తెలియదు’ అని ఫారంలో రాయకండి, అది అబద్ధం. ‘నీ జవాబులు కాలేజీకి ఇవ్వం. నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయం చేయగల పెద్దవాళ్లకు చెబుతాం’ అని రాయండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం రిపోర్టు చేయక తప్పదు. ఆ మాట కూడా పిల్లలకు ముందే తెలియాలి.

అందరికీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లున్న చీటీ ఇస్తుంటారు. మంచిదే, కానీ హాస్టల్లో సెల్‌ఫోన్ ఉండనివ్వరు కదా! వార్డెన్ పక్కన నిలబడని గదిలో ఒక ఫోన్ వాడుకోనిస్తామని యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. లేకపోతే ఆ చీటీ సెలవులదాకా పుస్తకంలోనే ఉంటుంది.

ప్రిన్సిపాల్ సంతకం గేటు తెరుస్తుంది, అంతే. అది సమ్మతి కాదు. మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లకు అమ్మానాన్నల సమ్మతి, పిల్లల సొంత ఒప్పుదల రెండూ రాతలో కావాలి. పెద్దవాళ్లు పచ్చళ్ల సీసాలు, ఉతికిన బట్టలు పట్టుకుని వచ్చే ఆదివారం గేటు దగ్గర బల్ల వేసుకుంటే సంతకాల పని చాలావరకు అయిపోతుంది. చిక్కల్లా ఎవరూ చూడటానికి రాని పిల్లలతోనే. వాళ్లను వదిలేస్తే ఎక్కువ ఒంటరిగా ఉన్నవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. ఫోన్‌లో సాక్షి ఎదుట సమ్మతి తీసుకోవచ్చా అని కమిటీని దరఖాస్తులోనే అడగండి.

ఎంతమంది కావాలి? పాత సర్వేలను బట్టి పది, అంతకు మించి వచ్చేవాళ్లు 25 శాతం ఉంటారనుకుని, 5 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే 288 మంది. పిల్లలను సెక్షన్లకు సెక్షన్లుగా తీసుకుంటాం, ఒకే సెక్షన్ పిల్లలు ఒకేలా ఉంటారు గనుక ఆ లోటు పూడ్చడానికి సంఖ్యను పెంచే గుణకం, డిజైన్ ఎఫెక్ట్, 2 వేస్తే 576. పదిమందిలో ఒకరు తప్పుకుంటారనుకుంటే 640. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) 13-17 ఏళ్లవాళ్లలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని చెప్పిన 7.3 శాతాన్ని ఈ లెక్కలో పెట్టకండి. అది ఇంటర్వ్యూతో చేసిన నిర్ధారణ. పైగా ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. సెక్షన్లను మీరే లాటరీ తీయాలి. కాలేజీకి వదిలేస్తే టాప్ బ్యాచ్‌ను కూర్చోబెడతారు.

తెలుగు ప్రతి దొరికింది కదా అని అలాగే పంచెయ్యొద్దు. ఎనిమిది, పదిమంది పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి ‘ఈ ప్రశ్న నీ మాటల్లో చెప్పు’ అని అడిగి చూడండి. ‘బెంగ’ అనే మాట వాడితే కొత్తగా చేరిన ఫస్టియర్ పిల్లలకు ఇల్లు గుర్తొస్తుంది, ‘దిగులు’ మేలు. నిద్ర ప్రశ్న ఇంకా తిరకాసు. రాత్రి పదిన్నరదాకా స్టడీ అవర్, పొద్దున్నే ఐదింటికి బెల్ ఉన్నచోట 3 పెట్టింది మనసు బాగోకనా, టైమ్ టేబుల్ వల్లా? అసలు ప్రశ్న మార్చకండి, మారిస్తే మిగతా సర్వేలతో పోల్చలేరు. తొమ్మిదీ అయ్యాక ‘పడుకోవడానికి టైమున్నా నిద్ర పట్టడం లేదా?’ అని విడిగా ఒకటి కలపండి. ఆకలి ప్రశ్నకూ అంతే, మెస్ కూర మీద కోపం దాంట్లో కలిసిపోతుంది.

ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లలో చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం దగ్గర తడబడతారు. ఒక్కో ప్రశ్నా పైకి చదివి వినిపించండి. బెంచీకి ఒక్కరే, లెక్చరర్లు బయట, నింపిన కాగితం పిల్లలే కవర్లో పెట్టి అంటించాలి.

తేదీ కూడా చూసుకోండి. ప్రశ్నలు రెండు వారాల గురించి కాబట్టి, దసరా, సంక్రాంతి సెలవుల నుంచి వచ్చి పదిహేను రోజులు నిండకుండా అడిగితే ఇంటి రోజుల సంగతి చెబుతారు. పబ్లిక్ పరీక్షల ముందు తీసిన అంకెను ఆగస్టు అంకె పక్కన పెట్టి ‘పెరిగింది’ అనడం పొరపాటు.

గుంటూరు మిర్చి యార్డు కూలీల పిల్లల్లాంటి బడి బయటివాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. వాళ్ల దగ్గర మనిషే కూర్చుని అడగాలి, పనిదినం కోల్పోకుండా సాయంత్రం పూట. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగ్‌నగర్ లాంటి చోట వరద నష్టం గురించి విడిగా అడగకపోతే జవాబులకు అర్థం దొరకదు.

రిపోర్టులో ‘డిప్రెషన్ ఉన్నవాళ్లు’ అని రాయకండి, ‘స్క్రీనింగ్‌లో పది, అంతకు మించి వచ్చినవాళ్లు’ అనాలి. కాలేజీవాళ్లు ఆ పిల్లల పేర్లు అడుగుతారు, ఇవ్వబోమని ఒప్పందంలోనే రాసుకోండి. ఒకటి రెండు ప్రశ్నలు ఖాళీ వదిలితే మిగతావాటి సగటుతో నింపడం మామూలే. తొమ్మిదోది ఖాళీగా ఉంటే మాత్రం దాన్ని అంకెతో పూడ్చకుండా ఆ పిల్లను కూడా ఆ రోజు పిలిచే జాబితాలో చేర్చండి.