వాక్యూఫామ్ నీటి విమానం: ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, ఎలా బాగుచేయాలి

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు వేసిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ పేరు మన కోస్తాలో చాలామందికి తెలుసు. రెండేళ్ల తర్వాత ఇదే హిందూ మహాసముద్రంలోకి వచ్చిన వోల్ఫ్ అనే జర్మన్ ఓడ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1916 నవంబరు 30న కీల్ రేవు నుంచి సరుకుల ఓడ వేషంలో బయల్దేరింది. బొంబాయి, కొలంబో రేవుల బయట మైన్లు పరిచింది. 1918 ఫిబ్రవరిలో గానీ ఇల్లు చేరలేదు. దాని కడుపులో విడదీసి దాచిన రెండు సీట్ల నీటి విమానం ఒకటి ఉండేది. ఫ్రీడ్రిష్‌హాఫెన్ ఎఫ్.ఎఫ్.33ఇ రకం. నావికులు దాన్ని ముద్దుగా వోల్ఫ్‌షెన్, అంటే తోడేలు పిల్ల, అని పిలుచుకున్నారు.

ఆ తోడేలు పిల్ల నమూనాను 1/72 స్కేలులో, అంటే అసలుకు డెబ్బై రెండో వంతు సైజులో, వాక్యూఫామ్ కిట్టు నుంచి ఒంగోలులో మా డాబా గదిలో కట్టాను. రెండేళ్లు పట్టింది. వాక్యూఫామ్ కిట్టు అంటే వేడిచేసిన ప్లాస్టిక్ షీటును అచ్చు మీదికి గాలితో పీల్చి చేసిన భాగాలు. డబ్బా తెరిస్తే మాత్రల స్ట్రిప్పు లాగా షీటు మీద బొడిపెలు బొడిపెలుగా కనిపిస్తాయి. కోయడం, అరగదీయడం, అతకడం అంతా మన పనే. ఇందులో లోపం పుట్టేది ఒక చోట, బయటపడేది ఇంకో చోట. రంగు వేసిన రోజు కనిపించే వంకర చాలాసార్లు మొదటి వారం అరగదీతలోనే మొదలై ఉంటుంది. అందుకే కింద ప్రతి చిక్కునూ అది పుట్టిన చోటి దాకా వెనక్కి తీసుకెళ్లి చూపిస్తున్నాను.

రెక్క వెనక అంచు చెక్కలా మందంగా ఉంది

ఆ కాలం రెక్కకు వెనక అంచంటే గుడ్డ ముగిసే చోటు. 1/72లో అది కాగితమంత ఉంటేనే నిజమనిపిస్తుంది. మొదటిసారి నాకు ఒకటిన్నర మిల్లీమీటరు వచ్చింది. భాగం చుట్టూ మిగిలే షీటు మందాన్ని పూర్తిగా తీయకపోవడమే కారణం. పై సగంలో కొంత, కింది సగంలో కొంత వదిలేస్తే అతికాక అది రెట్టింపవుతుంది.

భాగం ఇంకా షీటు మీద ఉండగానే, దాని గోడ షీటును కలిసే మూల వెంట సన్నటి నల్ల మార్కరుతో చుట్టూ గీయండి. కట్టరు బ్లేడును 45 డిగ్రీలు వాల్చి ఆ గీత పక్కనే రెండు మూడుసార్లు గాటు పెట్టండి. తెగే దాకా కోయనక్కర్లేదు, షీటును వెనక్కి వంచితే టక్కున విడిపోతుంది. ఇప్పుడు గీత కింద కనిపించే తెల్ల అంచే మనం తీయాల్సిన మందం.

అరగదీయడానికి బల్ల పనికిరాదు, ఎంత మంచి బల్లకైనా కొంత వంపు ఉంటుంది. మాకు చీమకుర్తి దగ్గర కాబట్టి పాలిష్ పట్టిన నల్ల గ్రానైటు తునకలకు కొదవ లేదు. అడుగు పొడవున్న తునక మీద 220 నంబరు వాటర్ పేపర్ అతికించి, నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి తడపండి. భాగం వీపున దళసరి టేపుతో ఒక పిడి చేసుకోండి. వేళ్లతో నేరుగా నొక్కితే కొసలు ఎక్కువ అరిగి నడుమ మిగిలిపోతుంది. ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ, ఇరవై రాపిడులకోసారి భాగాన్ని అటుది ఇటు మార్చండి. ఎందుకంటే మన చెయ్యి ఎప్పుడూ ఒకవైపే బరువు వేస్తుంది.

చివరికి వచ్చేసరికి అంచు చుట్టూ ఉల్లిపొర లాంటిది లేస్తుంది. లైటుకు ఎదురుగా పట్టుకుంటే అందులోంచి వెలుతురు కనిపిస్తుంది. వేలితో రాస్తే తడి కాగితంలా ముడుచుకుని ఊడి వస్తుంది. అక్కడ ఆగాలి. ఆ తర్వాత వెనక అంచు లోపలి వైపు మాత్రం వంపు బ్లేడుతో గీకి ఇంకా పల్చన చేయాలి. ఇప్పటికే అతికేసి ఉంటే రెక్క అడుగు వైపు నుంచే అరగదీయండి, పైన పక్కటెముకల గీతలు పోకుండా ఉంటాయి.

ఫ్లోటు రెండు సగాలు కలవడం లేదు

ఫ్లోటంటే విమానం నీళ్ల మీద తేలడానికి కింద ఉండే పడవ లాంటి భాగం. అరగదీతలో ఆగాల్సిన చోట ఆగకపోతే ఇదీ ఫలితం. కొంచెం తేడా అయితే దిద్దుకోవచ్చు. అతుకు మధ్యలో పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ పట్టీ పెట్టి అతికి, ఆరాక పక్కలు అరగదీస్తే సరిపోతుంది. నేను ఒక ఫ్లోటు సగాన్ని దాదాపు మిల్లీమీటరు దాకా తినేశాను. కొత్తది చేసుకోవడం తప్ప దారి లేకపోయింది.

అచ్చు కోసం ఉదయగిరి వెళ్లాను. చెక్క చెంచాలు చెక్కే చేతికి ఫ్లోటు ఒక లెక్కా అనుకున్నాను. గీసిన కాగితం చూసి ఆ పనివాడు అడిగాడు: "ఏంది సార్ ఇది, పడవా? మరి అడుగున ఈ మెట్టెందుకు?"

"నీళ్లు అడుగుకు అతుక్కుని వదలవన్నా. ఆ మెట్టు దగ్గర గాలి దూరి నీళ్లను విడదీస్తేనే విమానం పైకి లేస్తుంది" అన్నాను.

"అట్టయితే ఈ అంచు పదునుగా ఉండాల" అని ఉలి మార్చుకున్నాడు. పనికి అర్థం తెలిస్తే చెయ్యి ఎంత మారుతుందో ఆ పూట దగ్గరగా చూశాను.

సొంతంగా ఫామ్ చేసేవాళ్లకు ఇక్కడే మూడు చిక్కులు వస్తాయి. భాగం అనుకున్నదానికన్నా లావుగా వస్తే, షీటు మందాన్ని అచ్చు కొలతలో తగ్గించలేదన్నమాట. మెట్టు మొద్దుబారి వస్తే, ఆ లోమూలకు గాలి పీల్పు అందలేదన్నమాట. మూల వెంట మిల్లీమీటరు కన్నా సన్నటి రంధ్రాలు నాలుగైదు వేయండి. రెండు అచ్చుల మధ్య షీటు చీర కుచ్చిళ్లలా మడతలు పడితే, అచ్చులు మరీ దగ్గరగా ఉన్నాయి. వాటి ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఎడం ఉండాలి. ఇంకో సంగతి, అచ్చు కింద మూడు మిల్లీమీటర్ల చెక్క ముక్క పెట్టి ఎత్తితే భాగం అంచు గుండ్రపడకుండా స్పష్టంగా వస్తుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనరు పీల్పు ఈ సైజుకు చాలు. షీటు వేడికి జోలెలా కిందికి జారినప్పుడే అచ్చు మీదికి దించాలి.

అతుకు వెంట కొన్ని వారాలకు గుంట పడింది

అతికిన రోజు బాగుంటుంది, పుట్టీ పెట్టి నునుపు చేస్తాం, నెల తర్వాత అదే గీత మళ్లీ కనిపిస్తుంది. ద్రావకం ఎక్కువైంది. నాలుగు వైపులా మూసేసిన ఫ్లోటులో ఆవిరికి దారి లేక, పల్చటి ప్లాస్టిక్‌ను లోపలి నుంచి మెత్తబరుస్తుంది. ముందే ఫ్లోటు పైభాగంలో, స్ట్రట్టు (విమానానికీ ఫ్లోటుకూ మధ్య, రెక్కకూ రెక్కకూ మధ్య ఉండే ఊత కడ్డీ) దిగే చోట, ఒక రంధ్రం వేసి ఉంచండి. లోపల అతుకు వెంట చిన్న చిన్న ప్లాస్టిక్ పట్టీలు ఒకటి అటు ఒకటి ఇటు అతికితే తక్కువ ద్రావకంతోనే పట్టు వస్తుంది. వారం ఆగాకే పుట్టీ. కార్ల పెయింటింగ్ షాపు పుట్టీని ఒకేసారి దళసరిగా పూయకండి, అందులోని థిన్నరు కూడా ఇదే పని చేస్తుంది. లోతైన సందుకు ఫెవిక్విక్, వంటసోడా మేలు. కానీ అది రాయిలా గట్టిపడుతుంది కాబట్టి గంటలోపే అరగదీయాలి. ఆక్రిలిక్ నేమ్‌బోర్డుల షాపులో దొరికే ద్రావకం వాడేవాళ్లు కిటికీలు తెరిచి, పొయ్యికీ పిల్లలకూ దూరంగా పెట్టుకోండి. ఆ ఆవిరి మంచిది కాదు.

రెక్కలు కిందికి వాలుతున్నాయి

అసలు విమానం పై రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 16.75 మీటర్లు. మన స్కేలులో 23 సెంటీమీటర్ల పైచిలుకు. బోలు ప్లాస్టిక్ అంత పొడవున తన బరువు తానే మోయలేదు. అతికే ముందే రెండు సగాల మధ్య అర మిల్లీమీటరు గిటారు తీగను వెన్నుపూసలా పెట్టాలి. నేను మొదట పెట్టలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలకు రేకుల కింద పెట్టిన రెక్క నాలుగు రోజుల్లో వాలిపోయింది.

వాలిన రెక్కను బాగుచేయాలంటే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ముంచి, గ్రానైటు మీద పరిచి, బరువు పెట్టి చల్లారనివ్వాలి. మరిగే నీళ్లు మాత్రం వద్దు. పీల్చి సాగదీసిన ప్లాస్టిక్‌కు వేడి ఎక్కువైతే తన పాత చదును రూపం వైపే వెళ్తుంది, వంపంతా పోతుంది.

నిలబెడితే ఒక రెక్క కిందికి ఉంది

రెక్కను అనుమానించకండి, ముందు ఫ్లోట్లను చూడండి. విమానం పొట్ట కింద ఒక్కో స్ట్రట్టు అతుకుతూ పోతే రెండు ఫ్లోట్లూ ఎప్పటికీ సమంగా రావు. తలకిందులుగా ఆలోచించాలి. ఫ్లోట్లను గ్రానైటు మీద పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒకే కొలత చెక్క ముక్కలు ఇరికించి, అడ్డకడ్డీలు ముందు అతకండి. ఎడమ ముక్కు నుంచి కుడి తోకకు, కుడి ముక్కు నుంచి ఎడమ తోకకు కొలవండి. రెండూ సమానమైతేనే పైన విమానాన్ని దించండి. ఇప్పటికే వంకరగా ఉంటే ఒకవైపు స్ట్రట్లు కోసి మళ్లీ చేయడమే మేలు, ఫ్లోటు అడుగు అరగదీసి సరిచేస్తే మెట్టు పోతుంది.

స్ట్రట్లకు నాకు బాగా నచ్చింది అగరుబత్తి పుల్ల. వెదురు కాబట్టి వంగదు, బ్లేడుతో నీటిచుక్క ఆకారానికి తేలిగ్గా వస్తుంది. ఈ రకానికి రెక్కల మధ్య ఒక్కో వైపు మూడు జతలు కావాలి.

రంగు మీద తెల్లటి పొగ

వానాకాలం లాకరు స్ప్రే చేస్తే థిన్నరు ఆరే చలికి గాలిలోని తడి రంగు మీద దిగి తెల్లబారుతుంది. పొడి రోజు చూసుకుని, నెమ్మదిగా ఆరే థిన్నరును పల్చగా ఒకసారి చల్లితే చాలావరకు పోతుంది. ముందు గాలి అద్దాల మీద ఇలాంటి పొగ కనిపిస్తే అది ఫెవిక్విక్ ఆవిరి. అద్దాలను తెల్ల ఫెవికాల్‌తోనే అతకాలి.

రెక్కల మధ్య బిగింపు తీగలు సడలిపోయాయి

నైలాన్ చేపల దారం మనకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి అందరం దానితోనే మొదలుపెడతాం. నైలాన్ తడి పీల్చుకుని సాగుతుంది. నవంబరు ముసురులో అన్ని తీగలూ బట్టలారేసే తాడులా వేలాడతాయి. సడలిన నైలాన్‌ను అగరుబత్తి నిప్పు దగ్గరగా చూపి బిగించవచ్చు, మళ్లీ ముసురు పడితే మళ్లీ అదే కథ. నూలు దారమైతే దానికుండే నూగు ఈ స్కేలులో తాడులా కనిపిస్తుంది.

మోటార్ వైండింగ్ షాపులో 40 గేజ్ రాగి తీగ ఒక మూర అడగండి. మందం 0.12 మిల్లీమీటరు. స్కేలుకు కొంచెం ఎక్కువే అయినా కంటికి అడ్డురాదు. గ్రానైటు మీద పెట్టి స్టీలు స్కేలుతో దొర్లిస్తే సూదిలా నిటారవుతుంది. డివైడరుతో దూరం కొలిచి, వెంట్రుకంత తక్కువగా కోసి, రెండు కొసలకూ చుక్క ఫెవికాల్ పెట్టి స్ట్రట్ల మూలల్లో కూర్చోబెట్టండి. రాగి తీగ దేన్నీ లాగదు కాబట్టి రెక్కలు వంగే భయం లేదు. లోపలి జత దగ్గర మొదలుపెట్టి బయటికి రండి, లేకపోతే ట్వీజరు తగిలి పెట్టిన తీగలే ఊడతాయి.