ఫెయిల్ శాతం చూసే ముందు, ఎంతమందిలోనో అడగండి

మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతూ డిపార్ట్‌మెంట్ రిజల్టు లెక్కలు కూడా నేనే చూసేదాన్ని. ఓసారి మీటింగులో మా ఫెయిల్ శాతం బాగా తగ్గిందని గొప్పగా చెప్పాను. రిజిస్టర్లు చూసే గుమస్తా మెల్లగా అడిగాడు: "మేడమ్, మధ్యలో మానేసినవాళ్లని కలిపారా?" కలపలేదు. పరీక్ష రాసినవాళ్లనే లెక్కపెట్టాను. తగ్గింది తప్పినవాళ్లు కాదు, రాసినవాళ్లు. ఆ రోజు నుంచి నేను లెక్క చేసే తీరు ఇది.

ముందు "ఫెయిల్" అంటే ఏమిటో తేల్చుకోండి. ఒక సబ్జెక్టు తప్పి సప్లీలో గట్టెక్కడం వేరు, ఏడాది వెనకబడడం వేరు, చదువే వదిలేయడం వేరు. అమెరికా మెడికల్ కాలేజీల్లో నాలుగేళ్లకు పట్టా అందుకునేవాళ్లు 80 శాతం పైచిలుకు. ఆరేళ్లు ఆగి చూస్తే 96 దాకా పోతుంది. మొదటి అంకె ఒక్కటే చూస్తే మిగతావాళ్లంతా తప్పారనుకుంటాం. కానీ వాళ్లలో పరిశోధనకో రెండో డిగ్రీకో ఆగినవాళ్లూ ఉంటారు.

తర్వాత చేరిన రోజు జాబితా తెప్పించుకోండి. హారంలో ఉండాల్సింది అదే. హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వని వాళ్లు, సెలవు పెట్టి తిరిగి రానివాళ్లు, అందరూ అందులోనే ఉంటారు.

ఇక విడగొట్టడం: ఇంటి ఆదాయం, ఇంట్లో మొదట కాలేజీ మెట్టెక్కింది తనేనా, స్కూల్లో ఏ భాషలో చదివారు, వయసు, ఆడా మగా. ఇక్కడే చేతులు కాలేది. ఒక గుంపులో ఆరుగురే ఉన్నారనుకోండి. ఇద్దరు తప్పితే 33 శాతం, మరుసటేడు ఎవరూ తప్పకపోతే సున్నా. రెండూ ఏమీ చెప్పవు. నాలుగైదు బ్యాచ్‌లు కలిపి చూడండి, శాతం పక్కనే మనుషుల సంఖ్య కూడా రాయండి.

ఇలా విడగొట్టిన ఒక్కో అంశాన్నే చూస్తే సరిపోదు, కలిపి కూడా చూడాలి. 2014–2016 మధ్య అమెరికా మెడికల్ కాలేజీల్లో చేరినవాళ్లను వెంబడించి చూసిన అధ్యయనంలో మానేసినవాళ్లు మొత్తం మీద 3 శాతం లోపే. తక్కువ ఆదాయం, వసతుల్లేని ప్రాంతం, వైద్యవిద్యలో అరుదుగా కనిపించే జాతి, ఈ మూడూ కలిసినవాళ్లలో మాత్రం, ఏదీ లేనివాళ్లకంటే దాదాపు 4 రెట్లు. సగటు ఎంత నెమ్మదిగా అబద్ధమాడుతుందో!

తేడా కనిపించగానే "వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎగ్జామినరు మొహం చూసి మార్కులేశాడు" అనో, "వీళ్లకి చదువు రాదు" అనో తేల్చేయకండి. బ్రిటన్‌లో 22 అధ్యయనాలు కలిపి 2011లో వచ్చిన సమీక్షలో, మైనారిటీ జాతుల విద్యార్థులు ఎదురుగా పెట్టే పరీక్షల్లోనే కాదు, మెషీన్ దిద్దే పేపర్లలోనూ వెనకబడి ఉన్నారు. మెషీన్‌కి మొహాలు తెలియవు కదా. అలాగని ఎగ్జామినర్ల పక్షపాతం లేదనీ కాదు. అందుకే రాత మార్కులు, వైవా మార్కులు వేర్వేరు కాలమ్‌లలో ఉంచుతాను.

చివరి కాలమ్ "మానేసిన కారణం". మా రిజిస్టర్లో అన్ని గళ్లలోనూ ఒకటే ఉండేది: వ్యక్తిగతం. ఇప్పుడు ఆ గడి నింపే ముందు గుమస్తా ఒక ఫోన్ చేస్తాడు.