దోటి కత్తెరతో మామిడి పైకొమ్మల కత్తిరింపు

పెరట్లో 30, 40 ఏళ్ల నాటి బంగినపల్లి చెట్టు ఉన్న ఇళ్లలో, కాయలు దింపుకొన్న తరువాత పైనున్న ఎండుకొమ్మలను ఎవరు తీస్తారన్న ప్రశ్న ఏటా ఎదురవుతుంది. చెట్టెక్కేవారు అంత తేలికగా దొరకడం లేదు, దొరికినా కొడవలితో అందినకాడికి నరికి మోళ్లు మిగిల్చి దిగిపోతారు. నిచ్చెన వేసి ఒక చేత్తో కొమ్మను పట్టుకొని మరో చేత్తో రంపం ఆడించడం ప్రమాదకరమైన పని. కాయలు కోయడానికి మన పెద్దలు వాడిన దోటి, చిక్కాల వంటిదే అయిన దోటి కత్తెర ఉంటే సుమారు 5 మీటర్ల ఎత్తు వరకూ ఉన్న కొమ్మలను నేల మీద నిలబడే తీసివేయవచ్చు.

ఈ పనిముట్టులో ఫైబర్‌గ్లాసుతో గాని అల్యూమినియంతో గాని చేసిన గడ, దాని కొసన కత్తెర, కత్తెరను మూయడానికి గిలక మీదుగా కిందికి దిగే తాడు ఉంటాయి. చాలావాటికి కత్తెర పక్కనే వంపు తిరిగిన రంపాన్ని కూడా బిగించుకోవచ్చు. కత్తెర బొటనవేలు లావు కొమ్మల వరకే, అంటే సుమారు 2.5 నుండి 3 సెంటీమీటర్ల వరకే పనికివస్తుంది. అంతకు మించినవాటికి రంపం వాడాలి. 8, 10 సెంటీమీటర్లు దాటిన కొమ్మను ఈ రంపంతో కోయగలిగినా కోయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే అంత బరువు ఎటు పడాలో కింద నిలబడిన మనిషి నిర్ణయించలేడు. కొనేటప్పుడు అన్నిటికన్నా పొడవైన గడను ఎంచుకోవాలనిపిస్తుంది గాని, గడ సాగేకొద్దీ అది ఊగుతుంది, కొస బరువెక్కుతుంది, చేతికి అదుపు తప్పుతుంది. అందువల్ల కొమ్మ అందడానికి ఎంత అవసరమో అంతే సాగదీసి, ప్రతి అతుకు దగ్గర బిగింపును చేత్తో తిప్పి చూసుకొన్న తరువాతే పైకెత్తాలి.

గడ ఎత్తకముందు చెట్టు చుట్టూ ఒకసారి నిదానంగా తిరగాలి. మొదట చూడవలసినవి కరెంటు తీగలు. స్తంభాల మీద పోయే 11 కె.వి. లైనే కాక ఇంటికి వచ్చే సర్వీసు వైరు కూడా ప్రాణం తీయగలదు. గడకు గాని, కోసే కొమ్మకు గాని, ఆ కొమ్మ పడే దారికి గాని 3 మీటర్ల లోపు తీగ ఉంటే ఆ కొమ్మను ముట్టుకోకూడదు. హైటెన్షన్ తీగకు గడ తగలనక్కరలేదు, దగ్గరికి పోయినా విద్యుత్తు దూకుతుంది. అల్యూమినియం గడ విద్యుత్తును నేరుగా చేతిలోకి తెస్తుందని అందరికీ తెలుసు; ఫైబర్‌గ్లాసు గడను మాత్రం పూర్తిగా సురక్షితమని నమ్ముతారు. అది శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే విద్యుత్తును ఆపుతుంది; కొమ్మల నుండి కారే జీడి, దుమ్ము, వాన తడి పట్టిన గడను నమ్మడానికి వీలులేదు. పచ్చి వెదురు గడ సంగతీ అంతే. తీగలకు తగిలే కొమ్మ ఉంటే 1912కు ఫోను చేసి, లైనులో సరఫరా ఆపి విద్యుత్తు సిబ్బందే కొట్టేలా చూడాలి.

తరువాత చూడవలసినవి తేనెపట్లు, కందిరీగల తుట్టెలు, ఆకులు కలిపి కుట్టుకొన్న ఎర్రచీమల గూళ్లు, పిట్టల గూళ్లు. చెట్టు మొదట్లో రంపపు పొట్టు వంటిది రాలి ఉంటే పైన కాండం తొలిచే పురుగు ఉన్నట్లు. అటువంటి కొమ్మ చూపుకు గట్టిగా ఉన్నా లోపల డొల్లగా ఉండి, కోత సగంలో ఉండగానే విరిగి పడవచ్చు. మునగ, నేరేడు కొమ్మలు కూడా చెప్పాపెట్టకుండా విరుగుతాయి గనుక వాటి దగ్గర ఇంకాస్త ఎడంగా నిలబడాలి.

నిలబడే చోటే ఈ పనిలో అసలు కిటుకు. కొమ్మకు సరిగ్గా కింద నిలబడి గడను నిట్టనిలువుగా ఎత్తితే చూపు సరిగా ఆనదు, మెడ పట్టేస్తుంది, తెగిన కొమ్మ గడ వెంటే జారి ముఖం మీదికి వస్తుంది. గడ నేలతో సుమారు 60 డిగ్రీల వాలులో ఉండాలి. 4 మీటర్ల గడను ఆ వాలులో పట్టుకొంటే కోత పడే చోటికి నేరు కిందనుండి 2 మీటర్ల ఎడంగా నిలబడినట్లవుతుంది. ఆ ఎడం మనల్ని కాపాడాలంటే కోసే ముక్క అంతకన్నా పొట్టిగా ఉండాలి. అందుకే కొమ్మ ఎంత పొడవున్నా, కొస నుండి మొదలుపెట్టి మీటరుకు మించని ముక్కలుగా దించుకొంటూ రావాలి. కాలికి తట్టుకొనే రాళ్లు, గిన్నెలు, నీళ్ల పైపులు ముందే తీసివేసి, వెనక్కి తప్పుకోవడానికి దారి చూసుకోవాలి. హెల్మెటు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. మామిడి జీడి చర్మం మీద పడితే పొక్కుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. పక్కన ఒక మనిషి ఉండి, పిల్లలు, పశువులు ఆ వైపు రాకుండా చూడాలి. ఈ పనిముట్టును నిచ్చెన మీద నుండి, పిట్టగోడ అంచు మీద నుండి వాడితే నేల మీద ఉండి చేసే పనికున్న మేలంతా పోతుంది.

కత్తెరతో కోసేటప్పుడు కొక్కెం వంటి పై దవడను కొమ్మ మీద తగిలించి, గడ బరువును కొమ్మకే ఆనించి, కోసే అంచు చెట్టు వైపు, కొక్కెం పడిపోయే ముక్క వైపు ఉండేలా తిప్పుకోవాలి. కొక్కెం ఆనిన చోట బెరడు నలుగుతుంది గనుక ఆ నలుగుడు చెట్టు మీద మిగలకుండా చూడడమే దీని ఉద్దేశం. తాడును గడ వెంబడి కిందికే లాగాలి. పక్కకు లాగితే గడ వంగుతుంది, గిలక నుండి తాడు తప్పుతుంది. పట్టు చిక్కడానికి తాడును అరచేతికి చుట్టుకొనే అలవాటు చాలామందికి ఉంది, అది మానుకోవాలి. కొమ్మతో పాటు గడ పక్కకు పడితే చేయి విడిపించుకోలేరు. ఒక్క లాగుకు తెగకపోతే గడను మెలితిప్పకుండా రంపానికి మారాలి.

ఈ రంపం కిందికి లాగినప్పుడే కోస్తుంది, పైకి నెట్టేటప్పుడు బలం పెట్టనక్కరలేదు. మొదటి నాలుగైదు లాగుళ్లు నెమ్మదిగా, పొట్టిగా వేసి గాడి పడనిచ్చి, ఆ తరువాత పూర్తి పొడవున లాగాలి. ముక్కలుగా దించుకొంటూ వచ్చాక మిగిలిన మోడును తీసే చివరి కోతే చెట్టుకు ముఖ్యం. కొమ్మ పెద్దకొమ్మతో కలిసే చోట బెరడు ఉంగరంలా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. గాయాన్ని పూడ్చే కణజాలం అక్కడిదే గనుక ఆ ఉబ్బును కోయకుండా, దానికి ఆనుకొని వెలుపల కోయాలి. చేరువగా కోస్తే గాయం పెద్దదవుతుంది, జానెడు మోడు వదిలితే అది ఎండి కుళ్లు లోపలికి పాకుతుంది. కింద నుండి ఈ ఉబ్బు సరిగా కనబడదు. పక్కన ఉన్న మనిషిని కొమ్మకు పక్కవాటుగా, ఎడంగా నిలబడి చూసి చెప్పమనడం మంచిది. కొమ్మ తెగుతూ కింది బెరడును చీల్చుకుపోకుండా ముందు కొమ్మ అడుగున చిన్న గాటు పెట్టాలి. కొన్ని రంపాల మొదట్లో ఇందుకోసమే కొడవలి వంటి చిన్న అంచు ఉంటుంది.

తెగిన కొమ్మ పంగలో చిక్కుకొంటే దాని కిందికి వెళ్లి ఊపరాదు. ఎడంగా నిలబడి కొక్కెంతో తగిలించి లాగాలి, రాకపోతే అక్కడే రెండు ముక్కలు చేయాలి.

మామిడిలో ఈ పనికి తగిన కాలం కాయకోత ముగిసినప్పటి నుండి ఆగస్టు చివరి వరకు. ఆ తరువాత కత్తిరిస్తే కొత్త చిగుళ్లు ముదరడానికి వ్యవధి చాలక, డిసెంబరు, జనవరిలో రావలసిన పూత తగ్గుతుంది. మొదట ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానితో ఒకటి రాసుకొనేవి తీసివేసి, తరువాత చెట్టు నడిమికి ఎండ దిగేలా నిటారుగా పెరిగిన ఒకటి రెండు కొమ్మలను తగ్గించాలి. ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకపోవడం మేలు. ఈ కాలమంతా వానలే గనుక రెండు మూడు రోజుల తెరపి చూసుకొని మొదలుపెట్టాలి.

వేలి లావు గాయాలను అలా వదిలేయవచ్చు. అంతకన్నా పెద్దవాటికి బోర్డో పేస్టు పూయడం మన మామిడి తోటల్లో ఉన్న పద్ధతి. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీటిని ఈ పాళ్లలోనే తగ్గించుకొని, సగం నీటిలో మైలుతుత్తాన్ని, మిగతా సగంలో సున్నాన్ని ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో విడివిడిగా కరిగించి తరువాత కలపాలి. శుభ్రమైన ఇనుప చాకును అందులో కాసేపు ముంచి తీస్తే రాగి రంగు పట్టకూడదు. పడితే ఇంకొంచెం సున్నం చేర్చాలి. కలిపిన నాడే వాడుకోవాలి. దోటి కొసకు పాత బ్రష్షు కట్టుకొంటే ఇదీ కింద నుండే పూయవచ్చు.

పని ముగిశాక అంచులకు అంటిన జీడిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక కీలుకు చుక్క నూనె వేయాలి. తెగులు కొమ్మను కోసినప్పుడు మాత్రం మరుసటి చెట్టుకు పోయే ముందే స్పిరిట్‌తో తుడవాలి. కత్తెర అంచును ఏటవాలుగా ఉన్న వైపే ఆకురాయితో పదును పెట్టాలి, చదునుగా ఉన్న వైపు రాస్తే దవడల మధ్య సందు పడి కొమ్మ తెగక నలుగుతుంది. ఫైబర్‌గ్లాసు గడను ఎండలో వదిలేస్తే పైపూత పోయి సన్నని పీచు లేచి చేతుల్లో గుచ్చుకొంటుంది గనుక, దానిని వసారా చూరు కింద అడ్డంగా, రెండు మూడు చోట్ల ఆనేలా పెట్టి, తాడును వదులుగా చుట్టి ఉంచాలి.