సెల్లార్ వరద గేటు: లేవకపోయినా, లేచాక నీళ్లొచ్చినా

2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్‌లో ఎన్ని సెల్లార్లు చెరువులయ్యాయో గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ర్యాంప్ మొదట్లో ఆటోమేటిక్ గేటు పెట్టించింది ఆ తర్వాతే. కరెంటు అక్కర్లేని రకం. మామూలు రోజుల్లో నేలకు సమంగా పడుకుని ఉంటుంది, కార్లు దాని మీదుగానే పోతాయి. వాన నీళ్లు జాలీలోంచి కింది గుంతలోకి దిగితే బోలు పలక పడవలా తేలి నిలబడుతుంది.

సమస్య: నీళ్లొచ్చినా గేటు లేవలేదు

ముందు చెత్తనే అనుమానించండి. జాలీ మూసుకుపోతే నీళ్లు గుంతలోకి దిగవు, గేటు మీదుగా సెల్లార్‌లోకి జారిపోతాయి. మా గుంతలో దొరికినవి ఎండుటాకులు, గుట్కా ప్యాకెట్లు, పక్క సైటు నుంచి కొట్టుకొచ్చిన ఇసుక. మే నెలలోనే గుంత కడిగించి, పైపు పెట్టి నింపి చూడండి. పలక రెండు వైపులా సమంగా లేవాలి. వంకరగా లేస్తే ఆ వైపు బందుల్లో రాయి ఇరుక్కుందేమో చూడాలి. 'రెండు నిమిషాలే' అని గేటు మీదే కారు ఆపేవాళ్లకు మాత్రం నా దగ్గర మందు లేదు.

సమస్య: గేటు నిలబడింది, సెల్లార్ నిండింది

మాకు జరిగింది ఇదే. అందరం గొడుగులేసుకుని గేటునే చూస్తున్నాం, ఒకాయన వీడియో కూడా తీస్తున్నాడు. ఇంతలో వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు: "సార్, మా బాత్రూమ్‌లోంచి పొంగుతోంది!" టార్చి వేసి చూస్తే నేల జాలీ బుడబుడమంటోంది. రోడ్డు మీది మ్యాన్‌హోల్ నిండి, డ్రైనేజీ నీరు వెనక్కి తన్నింది.

దీనికి నాన్-రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లను బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని మూత, వేయించాలి. అయితే బిల్డింగ్ మొత్తం లైనుకు ఒకటే వేయించకండి. అది మూసుకున్నాక పై ఫ్లాట్లలో వాడిన నీళ్లు బయటికి పోలేక సెల్లార్‌లోనే పొంగుతాయి. సెల్లార్ లైను వేరు చేసి, దానికే వేయించాలి. తర్వాత కరెంటు, ఇంటర్నెట్ కేబుళ్లు గోడలోంచి వచ్చే పైపులు చూడండి. వాటి మూతికి సిమెంటు పూస్తే పగులుతుంది, కేబుల్ చుట్టూ బిగుసుకునే రబ్బరు సీల్ కావాలి.

సమస్య: పక్కల నుంచి కారుతోంది

రెండడుగుల నీళ్లు నిలిస్తే గేటు మీద ప్రతి మీటరు వెడల్పుకూ 180 కిలోలకు పైనే బరువు పడుతుంది. కాస్త చెమ్మ కారడం మామూలే, సంప్ మోటార్ తోడేస్తుంది. ధారగా వస్తుంటే గేటు అంచుల వెంట ఉండే రబ్బరు బీడింగ్ ఎండకు గట్టిపడినట్టు, మార్చేయండి. నీళ్లు గేటు ఎత్తు దాటితే మాత్రం చేసేదేమీ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచినట్టు ముంచితే ఈ గేటు ఆపలేదు.

సమస్య: వాన తగ్గినా గేటు దిగట్లేదు

గుంతలోంచి నీళ్లు పోయే దారి పూడిపోయి ఉంటుంది. కాలితో తొక్కి దించకండి, బందులు వంగిపోతాయి. బకెట్‌తో తోడేస్తే దానంతటదే పడుకుంటుంది. బయట ఇంకా నీళ్లుండగా "ఒక్క కారు తీసుకుంటాను, కాసేపు నొక్కి పట్టండి" అని ఎవరో ఒకరు అడుగుతారు. మా దగ్గర సెక్రటరీయే అడిగారు. వాచ్‌మన్ ఒప్పుకోలేదు.