ఇంట్లోనే చాక్లెట్ బటర్‌క్రీమ్ ఫ్రాస్టింగ్ చేయడం ఎలా?

వేసవిలో మజ్జిగ చిలికి వెన్న తీసేవారు అందులో చల్లటి నీళ్లో, నాలుగు ఐసు ముక్కలో వేస్తారు. వేడికి వెన్న ముద్దకట్టకుండా జారిపోతుందని వారికి అనుభవం మీద తెలుసు. కేకు మీద పూసే చాక్లెట్ బటర్‌క్రీమ్ విషయంలోనూ ఆ తెలివిడే అక్కరకు వస్తుంది. ఇందులో పొయ్యి మీద వండవలసినది దాదాపు ఏమీ లేదు; వెన్న, పంచదార పొడి, కోకో పొడి కలిపి గిలకొట్టడమే. అయినా చాలామందికి ఇది కుదరకపోవడానికి కారణం కొలతలు కాదు, వెన్న ఎంత వేడిగా లేదా ఎంత చల్లగా ఉందో చూసుకోకపోవడం.

కావలసినవి

ఏడు అంగుళాల గుండ్రటి కేకుకు మధ్య పొరలోనూ, పైన, చుట్టూ పూయడానికి ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, ఐసింగ్ షుగర్ 300 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 50 గ్రాములు, పాలు 4 టేబుల్ స్పూన్లు, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు సరిపోతాయి.

వీటిలో వెన్న గురించి కొంత వివరంగా చెప్పాలి. రొట్టెకు రాసుకునే పసుపు రంగు వెన్నలో సాధారణంగా ఉప్పు ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఉప్పు లేనిదని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఉప్పు వెన్న తప్ప మరొకటి దొరకకపోతే విడిగా ఉప్పు వేయకూడదు. ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్నపూస ఎంత కమ్మగా ఉన్నా ఈ పనికి నేను వాడను. ప్యాకెట్ వెన్నలో కొవ్వు 80 శాతానికి తగ్గదు, నీరు 16 శాతానికి మించదు; ఇంటి వెన్నలో మాత్రం నీరు, మజ్జిగ ఎంత మిగిలిపోయిందో చెప్పలేము, పైగా వారం రోజులు పోగేసిన మీగడ పులుపు వాసన చాక్లెట్ రుచిని కమ్మేస్తుంది. ఆ వెన్నను నెయ్యి కాచుకోవడానికి ఉంచుకోవడమే మంచిది.

ఐసింగ్ షుగర్ లేకపోతే పంచదారను మిక్సీలో పట్టుకోవచ్చు. అయితే 300 గ్రాముల పంచదారకు రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి, బాగా మెత్తగా పట్టి, సన్నటి జల్లెడతో రెండుసార్లు జల్లించాలి. పొడిని వేళ్ల మధ్య నలిపినప్పుడు ఏమాత్రం గరుకు తగిలినా మళ్లీ పట్టాలి, ఎందుకంటే వెన్నలో ఆ గరుకు కరిగిపోదు, తినేటప్పుడు నాలుకకు ఇసుకలా తగులుతుంది.

కోకో పొడి రెండు రకాలుగా దొరుకుతుంది. క్షారంతో శుద్ధి చేసిన పొడి ముదురు రంగులో, పులుపు తక్కువగా ఉంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం 19వ శతాబ్దంలో తెచ్చిన పద్ధతి కావడం వల్ల దాన్ని డచ్ కోకో అంటారు. మామూలు కోకో లేత రంగులో కాస్త పుల్లగా ఉంటుంది. ఫ్రాస్టింగ్‌కు రెండూ పనికివస్తాయి కానీ, నిండైన రంగు కావాలంటే మొదటిదే ఎంచుకోవాలి.

చేసే విధానం

ముందుగా కోకోను జల్లించి, పొగలు కక్కే వేడి పాలను కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేని చిక్కటి ముద్దగా కలపాలి. వేడి తగలడంతో కోకోలోని సువాసన విచ్చుకుంటుంది. పొడిగా వేసిన దానికంటే రుచి స్పష్టంగా గాఢమవుతుంది. ఈ ముద్ద పూర్తిగా చల్లారే వరకు పక్కన ఉంచాలి. గోరువెచ్చగా ఉన్నా వెన్నను కరిగించేస్తుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

తరువాత వెన్నను చిన్న ముక్కలుగా కోసి బయట ఉంచాలి. గిలకొట్టడానికి వెన్న సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, 32 డిగ్రీలు దాటితే కరిగి నూనెలా మారడం మొదలవుతుంది. డిసెంబరులో ఫ్రిజ్ నుంచి తీసిన వెన్న మెత్తబడడానికి గంట పట్టవచ్చు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటింట్లో ఉంచితే పది నిమిషాలే ఎక్కువ. అందువల్ల గడియారాన్ని కాక వేలిని నమ్మాలి: నొక్కితే సులువుగా గుంట పడాలి, కానీ వెన్న పైభాగం జిడ్డుగా మెరవకూడదు. ఎండాకాలంలో గిన్నెను కూడా పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, వీలైతే ఏసీ ఉన్న గదిలో ఈ పని చేసుకోవడం మేలు.

వెన్నను ఒక్కదాన్నే ఎలక్ట్రిక్ బీటర్‌తో నాలుగైదు నిమిషాలు గిలకొట్టాలి. పసుపు రంగు పోయి తెల్లబడి, పరిమాణం పెరిగి, తేలికగా కనిపించే వరకు ఆపకూడదు. ఫ్రాస్టింగ్ నోట్లో బరువుగా తగలకుండా చేసేది ఈ దశలో వెన్నలో చిక్కుకున్న గాలే. మిక్సీ జారులో వేస్తే బ్లేళ్ల వేడికి వెన్న కరుగుతుంది. బీటర్ లేకపోతే చేతి విస్కుతో పన్నెండు నిమిషాలైనా ఓపికగా చేయడం ఉత్తమం.

ఇప్పుడు ఐసింగ్ షుగర్‌ను మూడు విడతలుగా వేయాలి. ప్రతిసారీ ముందు గరిటెతో కలిపి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి, బీటర్‌ను తక్కువ వేగంతో మొదలుపెడితే పొడి గాలిలోకి లేవదు. పంచదార అంతా కలిశాక చల్లారిన కోకో ముద్ద, వెనిలా, ఉప్పు వేసి రెండు నిమిషాలు గిలకొట్టాలి. చివరగా గరిటెతో గిన్నె అంచులకు అదుముతూ ఒక నిమిషం కలిపితే పెద్ద బుడగలు పోయి, పూత నున్నగా వస్తుంది.

తేడా వస్తే

మిశ్రమం జారుగా ఉంటే చాలామంది వెంటనే మరింత పంచదార పోస్తారు. అది పొరపాటు, తీపి వెగటవుతుందే తప్ప అసలు కారణమైన వేడి తగ్గదు. గిన్నెను పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ గిలకొడితే సరిపోతుంది. విరిగిన పాలలా గింజలు గింజలుగా కనిపిస్తే వెన్న మరీ చల్లగా ఉందని అర్థం. అప్పుడు మూడు చెంచాల మిశ్రమాన్ని తీసి కాస్త వెచ్చచేసి, మిగిలినదానిలో కలిపి గిలకొట్టాలి. మరీ గట్టిపడితే పాలు ఒక్కొక్క టీస్పూను చొప్పున కలపాలి. ఎండలు ముదిరిన రోజుల్లో 60 గ్రాముల డార్క్ చాక్లెట్‌ను కరిగించి, పూర్తిగా చల్లార్చి చివర్లో కలిపితే, చల్లబడ్డాక గట్టిపడే కోకో వెన్న (చాక్లెట్‌లో ఉండే కోకో గింజల కొవ్వు) వల్ల పూత నిలకడగా ఉంటుంది, రుచీ పెరుగుతుంది.

కేకు లోపలి దాకా చల్లారాకే పూయాలి. మొదట పలుచని పొర పూసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే రాలే పొడి అందులో అతుక్కుపోతుంది, రెండో పొర శుభ్రంగా పడుతుంది. మిగిలిన ఫ్రాస్టింగ్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో వారం వరకు ఉంచవచ్చు. మూత సరిగ్గా లేకపోతే పక్కనున్న ఉల్లిపాయ, పచ్చడి వాసనలను వెన్న ఇట్టే పట్టేస్తుంది. మళ్లీ వాడేముందు బయట ఉంచి మెత్తబడ్డాక గిలకొట్టుకోవాలి. పూసిన కేకును కూడా ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే కోయకుండా, చలికాలంలో అరగంట, వేసవిలో పది నిమిషాలు ఆగాలి, ఎందుకంటే గడ్డకట్టిన వెన్న కత్తికి పెళుసుగా విరుగుతుంది, చాక్లెట్ రుచి కూడా నాలుకకు సగమే తెలుస్తుంది.