సైడ్ క్యారెక్టర్లకు ప్రాణం పోద్దాం - మూడో పాఠం: ఈ మనిషికి ఇప్పుడేం కావాలి?

ఇది టేబుల్ చుట్టూ కూర్చుని మాటలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల గురించి: ఒకరు కథ నడుపుతారు, ప్లేయర్లు ఒక్కో పాత్ర అవుతారు, ఏం జరుగుతుందో తేలని చోట పాచిక వేస్తారు. మిగతా మనుషులంతా, అంటే సైడ్ క్యారెక్టర్లు, గేమ్ నడిపేవాళ్ల నోటి నుంచే మాట్లాడతారు. పోయిన పాఠంలో ఊరి మ్యాప్ గీసుకున్నాం కదా, ఈసారి ఆ ఊర్లో మనుషుల్ని పెడదాం.

మా కర్నూలు బ్యాచ్‌తో నేను నడిపే గేమ్ జొన్నగిరి చేలల్లో జరుగుతుంది. తొలకరి వాన పడగానే వజ్రాల కోసం జనం దిగే చోటు అది, కథ కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. మొదటి సెషన్‌కి అక్కడ టీ బండి నడిపే ఒకామె గురించి అర పేజీ రాసుకున్నాను, పుట్టిల్లు, పిల్లలు, అప్పులు అన్నీ. ప్లేయర్లు వచ్చి "అక్కా, రాళ్లు కొనేవాళ్లు ఎవరున్నారు?" అన్నారు, ఆమె చెప్పింది, వాళ్లు వెళ్లిపోయారు. వారం తర్వాత ఆమె ఎవరికీ గుర్తు లేదు.

రెండోసారి ఆ అర పేజీ పక్కన పెట్టి ఒకే వాక్యం రాసుకున్నాను: బండి అక్కడి నుంచి ఎవరూ లేపకూడదు. అదే ప్రశ్నకి ఈసారి గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండా, "చెప్తా గానీ నాయనా, మీరు గుంతలు తవ్వింది చూస్తే చేనుగల ఆయప్ప నా బండి లేపేస్తాడు, ముందు అవి పూడ్చి రాండి" అంది. నలుగురూ పోయి పూడ్చి వచ్చారు! ఆ తర్వాత ప్రతి సెషన్‌లో ఆమె దగ్గరికే పోతున్నారు.

కాబట్టి గతం కాదు, ఈ పూట అవసరం రాసుకోండి. చేతులకు ఒక పని కూడా ఇవ్వండి, అది చాలు.

ఇక పిలుపు. మన భాషలో ఇదెంత పెద్ద సాధనమో గేమ్ నడిపేవాళ్లు చాలామంది గమనించరు. నా రాళ్ల వ్యాపారి మొదట అందరినీ "సార్" అంటాడు. రాయిని వెలుతురుకి పట్టి చూశాక "తమ్ముడూ, ఇది ఉత్త రాయి" అన్నాడు. మా ప్లేయర్ ఒకమ్మాయి వెంటనే రాయి వెనక్కి తీసుకుంది, పాచిక కూడా వేయలేదు. సార్ కాస్తా తమ్ముడయ్యాడంటే బేరం మొదలైందని పట్టేసింది.

గొంతు మార్చడం రాదని టెన్షన్ పడకండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట, 2020 పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు, అక్కడి తోలుబొమ్మలాట వీలైతే ఒక్కసారి చూడండి. తెర వెనక ఉండేది కొద్దిమందే, అయినా నవ్వించే పాత్రల్లో బంగారక్క ఎవరో జుట్టుపోలిగాడు ఎవరో మాట తీరుతోనే తెలిసిపోతుంది. ఒకరు గబగబా మాట్లాడతారు, ఒకరు ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తారు, ఇంతవరకు మనమూ చేయగలం.

పాచిక ఎప్పుడు వేయాలి? డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ 1974 నాటి మొదటి కూర్పులోనే రెండు పాచికలతో ఎదుటివాళ్ల స్పందన తేల్చే పట్టిక ఉంది, ఇప్పటికీ పనికొస్తుంది. కానీ ఆ మనిషికి ఏం కావాలో మీకు స్పష్టంగా తెలిస్తే వేయకండి. ఆశ, భయం సమానంగా లాగుతున్నప్పుడు మాత్రమే వేయండి.

ఈ వారం మూడు కార్డులు రాయండి: ఉగ్గాని బజ్జీ అమ్మే మనిషి, రాత్రి బస్సు కండక్టర్, చేను కాపలా ఉండే జేజి. ఒక్కో కార్డు మీద ఈ పూట అవసరం, చేతిలో పని, కొత్తవాళ్లను పిలిచే పిలుపు, ఇంతకు మించి ఒక్క ముక్క వద్దు. నాలుగో పాఠంలో ఈ ముగ్గురినీ ఒకే టీ బండి దగ్గర నిలబెడదాం, కార్డులు పారేయకండి.